తొమ్మిది మంది, తొమ్మిది ఓట్లు: సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నిర్ణయాలను డేటాతో చదవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను లాయర్ని కాదు. పగలంతా అంకెలతో పని, రాత్రి పూట సరదాకి కోర్టు డేటా. అమెరికా సుప్రీంకోర్టు నుంచి ఏదైనా పెద్ద తీర్పు వచ్చిన రోజు అక్కడున్న స్నేహితులూ, ఇక్కడ లా చదువుతున్న మా మేనకోడలూ ఒకే రకం ప్రశ్నలు వేస్తుంటారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను.

తీర్పు అంటే వందల పేజీల వాదన. దాన్ని డేటా ఎలా చేస్తారు?

తీర్పు ఎంత పొడవున్నా, చివరికి ప్రతి న్యాయమూర్తీ ఏదో ఒక పక్కన నిలబడాలి. కింది కోర్టు తీర్పు ఉంచాలా, కొట్టేయాలా? అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిది మందీ కలిసి కూర్చుంటారు కాబట్టి ఒక్కో కేసుకి తొమ్మిది ఓట్లు. కేసులు నిలువుగా, న్యాయమూర్తుల పేర్లు అడ్డంగా రాసుకుంటే గళ్ల పట్టిక తయారు.

ఈ పని కంప్యూటర్ల కంటే పాతది. షికాగో యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన సి. హెర్మన్ ప్రిచెట్ 1940లలోనే చేత్తో లెక్కలు కట్టాడు. అప్పటికి కోర్టులో దాదాపు అందరూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నియమించినవాళ్లే, అయినా భిన్నాభిప్రాయాలు మాత్రం ఏటికేడాది పెరుగుతున్నాయి. చట్టం ఒక్కటే, కేసు ఒక్కటే, చదువూ ఇంచుమించు ఒక్కటే అయినప్పుడు మాటిమాటికీ ఇలా విడిపోవడం ఎందుకని ఆయనకు అనుమానం వచ్చింది. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు కలిశారో లెక్కపెట్టి గుంపుల్ని గీసి చూపించాడు. ఆ తర్వాత ఈ రంగంలో జరిగిన పని చాలావరకు ఆ గుంపుల పట్టికకి కొనసాగింపే.

అమెరికా కోర్టు మీదే ఇంత పరిశోధన ఎందుకు?

లెక్క కట్టడానికి అంత అనుకూలమైన కోర్టు ఇంకోటి దొరకడం కష్టం కాబట్టి. అందరూ ఒకే బెంచ్‌లో కూర్చుంటారు, ఎవరు ఎటు వేశారో పేరుతో సహా చెబుతారు. రిటైర్మెంట్ వయసు లేదు కాబట్టి ఒక్కొక్కరు ఇరవై ముప్పై ఏళ్లు ఉంటారు. ఏ అధ్యక్షుడు నియమించాడో అందరికీ తెలుసు. మన సుప్రీంకోర్టులో ఈ నాలుగూ వేరే రకంగా ఉంటాయి, ఆ సంగతి కిందికి వచ్చాక.

డేటా ఎక్కడ దొరుకుతుంది? డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. హెరాల్డ్ స్పేత్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిన 'సుప్రీంకోర్ట్ డేటాబేస్' ఉచితంగా దొరుకుతుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ దాన్ని చాలాకాలం నడిపింది. 1946 టర్మ్ (అంటే కోర్టు ఏడాది) నుంచి ఉన్నది ప్రధాన భాగం. తర్వాత 1791 దాకా వెనక్కి వెళ్లి పాత కేసులు కూడా చేర్చారు. ఒక్కో కేసుకి 200కు పైగా వివరాలుంటాయి: ఏ కోర్టు నుంచి వచ్చింది, పిటిషనర్ ఎవరు, ఏ అంశం, ఎవరు గెలిచారు, మెజారిటీ తీర్పు ఎవరు రాశారు, ఇలా. కేసుకి ఒక వరుస ఉన్న ఫైలు ఒకటి, ఓటుకి ఒక వరుస ఉన్న ఫైలు ఇంకొకటి. ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది, పైథాన్ వస్తే ఇంకా హాయి. వాదనల ఆడియో, రాతప్రతి కావాలంటే ఓయెజ్ అనే సైటు ఉంది.

ఓటు 'లిబరల్', 'కన్జర్వేటివ్' అని ఎవరు నిర్ణయిస్తారు?

మనుషులే. డేటాబేస్‌లో అన్నిటికంటే ఎక్కువ వాడేది ఈ గడినే, అనుమానంగా చూడాల్సిందీ దీన్నే.

స్థూలంగా నియమాలున్నాయి (లిబరల్‌ని ఎడమ, కన్జర్వేటివ్‌ని కుడి అని కూడా అంటారు). క్రిమినల్ కేసులో నిందితుడి పక్షాన ఓటు వేస్తే లిబరల్, ప్రభుత్వం పక్షాన వేస్తే కన్జర్వేటివ్. యూనియన్‌కి అనుకూలంగా వేస్తే లిబరల్. పన్నుల కేసులో మాత్రం తిరగబడుతుంది, అక్కడ ప్రభుత్వం పక్షానే లిబరల్. చాలా కేసులు ఈ నియమాల్లో ఇమిడిపోతాయి. చిక్కు వచ్చేది వాక్‌స్వాతంత్ర్యం లాంటి చోట. ఒకప్పుడు యుద్ధ వ్యతిరేక నిరసనకారుడి హక్కుగా కోర్టుకెక్కిన సూత్రాన్ని ఇప్పుడు ఎన్నికల్లో ఖర్చు పెట్టాలనుకునే కార్పొరేషన్ పట్టుకొస్తుంది. సూత్రం మారలేదు, దాని వల్ల లాభపడే వాళ్లు మారారు. ఏ గడిలో వేస్తారు?

2013లో ఆనా హార్వీ, మైకేల్ వుడ్రఫ్ ఇంకో ఇబ్బందికరమైన మాట చెప్పారు. కోర్టులో ఎవరి సంఖ్య ఎక్కువో ముందే తెలిసి గడులు నింపితే, ఆ ఎరుక గడుల్లోకి పాకుతుందని. 'ఇది కన్జర్వేటివ్ కోర్టు, కాబట్టి ఈ తీర్పు కన్జర్వేటివ్' అని గడి నింపి, ఆ గడులన్నీ కూడి 'చూశారా, ఇది కన్జర్వేటివ్ కోర్టు' అంటే మనం కనిపెట్టిందేమీ లేదు.

అలాగని పారేయాల్సిన పని లేదు. మీ ప్రశ్నకి ముఖ్యమైన ముప్పై నలభై కేసులుంటే వాటి గడులు మీరే చదివి సరిచూసుకోండి. ఒక ఆదివారం పోతుంది, అంతే.

సగానికి దగ్గరగా కేసుల్లో తొమ్మిది మందీ ఒకే మాట అంటారట కదా. ఇక ఈ కుడి ఎడమల గొడవ ఎందుకు?

నిజమే. ఇటీవలి చాలా టర్మ్‌లలో ఏకగ్రీవ తీర్పులు దాదాపు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటున్నాయి. పేపర్లలో వాటి ఊసుండదు, ఎందుకంటే అందులో కొట్లాట లేదు. దివాలా చట్టంలో ఒక క్లాజుకి అర్థం ఏమిటనే కేసు గురించి ఏ టీవీ చర్చ పెడుతుంది?

లెక్కలో తమాషా ఏమిటంటే, ఇద్దరు న్యాయమూర్తులు ఎంత దగ్గరో చెప్పే అంకె ఈ ఏకగ్రీవాల్ని కలుపుతారా తీసేస్తారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఊరికే అనుకుందాం: టర్మ్‌లో 60 కేసులు, 27 ఏకగ్రీవం. మిగిలిన 33లో ఆ ఇద్దరూ 12 సార్లు కలిశారు. అన్నీ కలిపితే 39 బై 60, అంటే 65 శాతం. 'ఎంత సఖ్యతో!' అని రాయొచ్చు. ఏకగ్రీవాలు తీసేస్తే 12 బై 33, అంటే 36 శాతం. 'ఉప్పూ నిప్పూ' అని రాయొచ్చు. రెండూ తప్పుడు లెక్కలు కావు. ఏది వాడారో చెప్పకుండా రాసినవాణ్ణి మాత్రం నమ్మకండి.

అంకెల్లో అన్నిటికంటే పెద్ద మోసం ఎక్కడ ఉంటుంది?

కేసుల ఎంపికలో. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టే ఆ మాట నిలబడుతుంది. సుప్రీంకోర్టుకి వచ్చే కేసులు అలాంటి మెతుకులు కావు. అడుగంటినవీ, అంచున పలుకుగా మిగిలినవీ ఏరి తెచ్చినవి. చట్టం స్పష్టంగా ఉన్న కేసు కింది కోర్టుల్లోనే తేలిపోతుంది. రెండు వైపులా గట్టి వాదన ఉన్నదే పైదాకా వస్తుంది.

అందులోనూ కోర్టు తనకు కావలసినవే తీసుకుంటుంది. 1925 చట్టం ఒకటి ఆ స్వేచ్ఛ ఇచ్చింది, తప్పనిసరిగా వినాల్సినవి మిగిలితే 1988లో వాటిని కూడా దాదాపుగా తీసేశారు. ఏటా కొన్ని వేల పిటిషన్లు వస్తే పూర్తి వాదనలు విని తీర్పిచ్చేవి ఇప్పుడు అరవై చిల్లర. 1980లలో ఆ సంఖ్య 150 దాకా ఉండేది. కేసు తీసుకోవడానికి నలుగురు ఒప్పుకుంటే చాలు, గెలవడానికి మాత్రం ఐదుగురు కావాలి. ఐదో ఓటు దొరకదని భయపడితే, కింది తీర్పు నచ్చకపోయినా ఆ నలుగురూ కేసు జోలికి పోరు. తీసుకుని ఓడిపోతే ఆ ఓటమి దేశమంతటికీ చట్టమైపోతుంది. ఆ మౌనం మన పట్టికలో ఏ వరుసలోనూ కనిపించదు. పరీక్ష రాసేవాళ్లే ప్రశ్నపత్రం తయారుచేసుకుంటే మార్కులు ఎలా చదవాలి? అదీ మన చిక్కు.

కక్షిదారులు కూడా ఆట ఆడతారు. ఇళ్ల విషయంలో వివక్ష చూపాలనే ఉద్దేశం రుజువు కాకపోయినా, ఫలితంలో వివక్ష ఉంటే చాలునా అన్న ప్రశ్న 2012లో ఒకసారి, 2013లో మరోసారి ఈ కోర్టు ముందుకు వచ్చింది. మొదటిది సెయింట్ పాల్ నగరం వెనక్కి తీసుకుంది. రెండోది, న్యూజెర్సీలోని మౌంట్ హోలీ కేసు, వాదనలకు కొద్ది రోజుల ముందు రాజీ అయిపోయింది. పౌరహక్కుల పక్షం వాళ్లు ఈ కోర్టులో ఓడిపోతామనే అనుకున్నారు. మూడోసారి టెక్సస్ కేసు ఆగకుండా వచ్చింది. 2015 జూన్‌లో 5-4 తేడాతో, మధ్యలో ఉండే న్యాయమూర్తి ఆంథనీ కెనడీ రాసిన తీర్పులో, వాళ్లే గెలిచారు. భయపడి ఆపిన రెండు కేసులు డేటాలో లేవు, మూడోది ఉంది. మూడో కేసు కూడా రాజీ అయి ఉంటే ఈ అంశంలో కెనడీ ఎటు అన్న గడి ఖాళీగానే ఉండేది.

మార్టిన్-క్విన్ స్కోర్లు అంటే ఏమిటి?

ఆండ్రూ మార్టిన్, కెవిన్ క్విన్ 2002లో ప్రచురించిన పద్ధతి. కేసు దేని గురించో చూడరు. ఎవరు ఎవరితో కలిసి ఓటు వేశారన్నదాన్ని బట్టి అందరినీ ఒక గీత మీద నిలబెడతారు. సున్నాకి కింద లిబరల్ వైపు, పైన కన్జర్వేటివ్ వైపు. 1937 టర్మ్ నుంచి ప్రతి ఏడాదికీ ఒక్కొక్కరికి ఒక్కో స్కోరు ఉంటుంది, కాబట్టి మనిషి జరిగితే ఆ జరగడం కనిపిస్తుంది. విలియం డగ్లస్ ఎడమ చివర, క్లారెన్స్ థామస్ కుడి చివర ఉంటారు.

చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. స్కోరు చెప్పేది పక్కవాళ్లతో పోల్చిన స్థానం. 1960లలో మధ్యలో ఉన్నవాడూ ఇప్పుడు మధ్యలో ఉన్నవాడూ ఒకేలా ఆలోచిస్తారని కాదు, వాళ్ల ముందున్న కేసులు వేరు. పైగా ఓట్ల నుంచి కట్టిన స్కోరుతో మళ్లీ ఓట్లని 'వివరించాం' అనడం గుండ్రంగా తిరగడమే.

ఆ గుండ్రం తప్పించుకోవడానికి జెఫ్రీ సీగల్, ఆల్బర్ట్ కవర్ 1989లో తెలివైన దారి పట్టారు. పదవిలోకి రాకముందు పెద్ద పత్రికల సంపాదకీయాలు ఆ మనిషిని ఎలా వర్ణించాయో చూసి స్కోరు ఇచ్చారు. తర్వాత వేసిన పౌరహక్కుల ఓట్లతో అది బలంగా సరిపోయింది. ఆర్థిక కేసుల్లో, రూజ్‌వెల్ట్ కాలం నాటి వాళ్ల విషయంలో అంత బాగా పనిచేయదు.

న్యాయమూర్తులు మారతారా?

మారతారు. హ్యారీ బ్లాక్‌మన్ని 1970లో రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ నియమించాడు. మొదట్లో చిన్ననాటి స్నేహితుడైన ప్రధాన న్యాయమూర్తి బర్గర్‌తోనే ఎక్కువగా ఓటు వేసేవాడు, 1994లో దిగిపోయేనాటికి కోర్టులో బాగా ఎడమవైపున ఉన్నవాళ్లలో ఒకడు. అదే పార్టీ అధ్యక్షులు ఫోర్డ్ నియమించిన స్టీవెన్స్, పెద్ద బుష్ నియమించిన సౌటర్ కూడా తమను తెచ్చిన పార్టీ అనుకున్న చోట ఉండలేదు. అయితే కొంత మనిషి మారడం, కొంత కోర్టే కుడికి జరిగి అదే చోట ఉన్నవాణ్ణి ఎడమ చివర మిగల్చడం. స్టీవెన్స్ తన విషయంలో రెండోదే జరిగిందనేవాడు. స్కోరు ఒక్కదానితో ఈ రెండిటినీ విడదీయడం కష్టం.

అయితే వాళ్లు నల్లకోటు వేసుకున్న పార్టీ మనుషులేనా?

2010లో స్టీవెన్స్ వెళ్లి కేగన్ వచ్చాక ఒక కొత్త సంగతి స్థిరపడింది. డెమోక్రాట్లు నియమించిన వాళ్లందరూ రిపబ్లికన్లు నియమించిన వాళ్లందరికీ ఎడమన ఉన్నారు. అంతకుముందు రెండు గుంపులూ కలగాపులగంగా ఉండేవి. ఇప్పుడు ఆరుగురు, ముగ్గురు. పెద్ద కేసుల్లో ఆ గీత మీదే చీలిక తరచుగా కనిపిస్తుంది. కనిపించడం లేదని వాదించడం కళ్లు మూసుకోవడమే.

కానీ 2020లో బోస్టాక్ కేసులో స్వలింగ సంపర్కులను, ట్రాన్స్‌జెండర్లను ఉద్యోగంలోంచి తీసేయడం వివక్షే అని మెజారిటీ తీర్పు రాసింది ట్రంప్ నియమించిన గోర్సచ్. అదే ఏడాది మెక్‌గర్ట్ కేసులో తూర్పు ఓక్లహోమాలో పెద్ద భాగం ఇంకా ఆదివాసీ భూభాగమేనని 5-4తో తేల్చిందీ ఆయనే. చట్టంలో రాసిన మాటకి కట్టుబడటం అనే పద్ధతి ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది. ఒక్క గీత మీద ఒక్క అంకె ఇస్తే ఇవి 'పొరపాట్లు'గా కనిపిస్తాయి. నా మట్టుకు ఆ పొరపాట్ల జాబితానే ఆ ఫైలులో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం.

కంప్యూటర్ తీర్పుని ముందే చెప్పగలదా?

కొంతవరకు. 2002 టర్మ్‌లో నలుగురు పరిశోధకులు పందెం లాంటిది పెట్టారు. ఒకపక్క ఆరంటే ఆరు వివరాలు చూసే నమూనా (కంప్యూటర్ మోడల్): ఏ అప్పీలు కోర్టు నుంచి వచ్చింది, ఏ అంశం, పిటిషనర్ ఎవరు, ఎదుటివారు ఎవరు, కింది తీర్పు ఎటువైపు, రాజ్యాంగ విరుద్ధమనే వాదన ఉందా. చట్టం గురించి దానికి అక్షరం ముక్క తెలియదు. ఇంకోపక్క 83 మంది న్యాయ పండితులు, లాయర్లు. 68 కేసుల్లో నమూనా 75 శాతం, నిపుణులు 59.1 శాతం సరిగ్గా చెప్పారు.

ఇక్కడితో ఆపేసి 'యంత్రం గెలిచింది' అని రాసేవాళ్లే ఎక్కువ. అదే పోటీలో విడివిడి ఓట్లు చూస్తే నిపుణులు 67.9, నమూనా 66.7. అంటే ఎవరు ఎటు వేస్తారో ఇద్దరికీ ఒకేలా తెలుసు. తేడా వచ్చింది మధ్యలో ఉన్నవాళ్ల దగ్గర, ముఖ్యంగా సాండ్రా డే ఓ'కానర్ దగ్గర. నిపుణులు అక్కడ తడబడ్డారు.

2017లో కట్జ్, బొమారిటో, బ్లాక్‌మన్ (పైన చెప్పిన న్యాయమూర్తి కాదు) అనే ముగ్గురు పరిశోధకులు 1816 నుంచి 2015 దాకా 28,000 కేసుల మీద, 2,40,000కు పైగా ఓట్ల మీద నమూనా నడిపారు. తీర్పులు 70.2 శాతం, ఓట్లు 71.9 శాతం. అబ్బో అనిపిస్తుంది. కానీ ఈ కాలంలో కోర్టు తీసుకున్న కేసుల్లో మూడింట రెండొంతులు కింది తీర్పుని కొట్టేస్తుంది. కళ్లు మూసుకుని 'కొట్టేస్తారు' అనేవాడికీ మంచి మార్కులే వస్తాయి. అలాంటి గుడ్డి నియమం కంటే తాము గత వందేళ్లలో దాదాపు 5 శాతమే మెరుగు అని ఆ ముగ్గురూ నిజాయితీగా రాసుకున్నారు. వార్తల్లో 70 మిగిలింది, 5 పోయింది.

వాదనలప్పుడు అడిగే ప్రశ్నలను బట్టి ఎవరు గెలుస్తారో చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కొంత. ఎవరిని ఎక్కువ ప్రశ్నలు అడుగుతారో వాళ్లు ఓడిపోయే అవకాశం ఎక్కువ. పెళ్లిచూపుల్లో లాగే, నచ్చని సంబంధానికే ఆరాలు ఎక్కువ.

ఇది లెక్కపెట్టిన వాళ్లలో ఒకాయన పేరు వింటే నవ్వొస్తుంది. 1980 టర్మ్‌లోవి 14, 2003 టర్మ్‌లోవి 14 కేసులు తీసుకుని ప్రశ్నలు లెక్కపెడితే 28లో 24 సార్లు, అంటే 86 శాతం, ఎక్కువ ప్రశ్నలు పడ్డ పక్షమే ఓడింది. 2005లో ఈ లెక్క అచ్చు వేసినాయన జాన్ రాబర్ట్స్. అదే ఏడాది ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 2017లో ఎన్నికల నియోజకవర్గాల గీతల కేసులో ఒక పక్షం గణాంక కొలమానాలు తెస్తే, వాటిని సామాజికశాస్త్రపు అర్థం కాని గోలగా తీసిపారేసింది కూడా ఈయనే!

డేటా ఒక్కోసారి కోర్టునే కదిలిస్తుంది. మహిళా న్యాయమూర్తుల మాటకి ఎంత తరచుగా అడ్డుపడుతున్నారో టోన్యా జాకోబీ, డిలన్ ష్వీర్స్ 2017లో లెక్కతీశారు. 2015 టర్మ్‌లో కోర్టులోని అడ్డంకుల్లో 65.9 శాతం అక్కడున్న ముగ్గురు మహిళల మీదే. తొమ్మిది మందిలో ముగ్గురు! కొవిడ్ తర్వాత వాదనల్లో వరుసగా ఒక్కొక్కరూ అడిగే సమయం కూడా చేర్చారు. ఆ మార్పు వెనక ఇలాంటి అధ్యయనాలున్నాయని ఆ ముగ్గురిలో ఒకరైన సోటొమయోర్ 2021లో బహిరంగంగానే అన్నారు.

ఆకలేస్తే జడ్జి కఠినంగా ఉంటాడట, నిజమేనా?

వాట్సాప్‌లో బాగా తిరిగే సంగతి. ఇది సుప్రీంకోర్టు గురించి కాదు, ఇజ్రాయెల్‌లో పెరోల్ బోర్డుల గురించి. 2011లో వచ్చిన పరిశోధనలో, విరామం తర్వాత 65 శాతం దగ్గర మొదలైన అనుకూల నిర్ణయాలు తర్వాతి విరామం వచ్చేసరికి దాదాపు సున్నాకి పడ్డాయి. అదే ఏడాది వేరేవాళ్లు ఆరా తీస్తే, కేసులు వచ్చే వరుస కాకతాళీయం కాదని, లాయరు లేని ఖైదీల కేసులు విరామానికి ముందు చివర్లో పడుతున్నాయని తేలింది. పాపం భోజనం మీద నింద. గిన్నెలోంచి ఏ మెతుకు ఎప్పుడు తీశారన్న ప్రశ్న ఇక్కడా వచ్చింది చూశారా.

డేటాలో కనబడనివి ఏవి?

చాలా ఉన్నాయి. వాదనలు లేకుండా, తరచుగా కారణాలు కూడా రాయకుండా వచ్చే అత్యవసర ఉత్తర్వులను విలియం బౌడ్ 2015లో 'షాడో డాకెట్' అన్నాడు. చాలాసార్లు అందులో ఎవరు ఎటు వేశారో పూర్తిగా తెలియదు.

లోపల జరిగేది ఇంకొకటి. తొమ్మిది మందే తలుపులు వేసుకుని కూర్చుని మొదటి ఓటు వేస్తారు, తీర్పు రాసే నెలల్లో కొందరు అటూ ఇటూ జరుగుతారు. అబార్షన్ హక్కు మీద వచ్చిన 1992 కేసీ కేసులో కెనడీ అలా జరిగాడని కాగితం మీద రుజువు దొరికింది 2004లో న్యాయమూర్తి హ్యారీ బ్లాక్‌మన్ కాగితాలు బయటపడ్డాకే. పట్టికలో ఉండేది చివరి ఓటు మాత్రమే.

ఉన్న ఓటు కూడా అంతా చెప్పదు. 2022 డాబ్స్ తీర్పుని 6-3 అని రాస్తారు. మిసిసిపీ రాష్ట్రపు అబార్షన్ చట్టం నిలబడాలన్నది ఆరుగురు, అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన పాత రో తీర్పునే రద్దు చేయాలన్నది ఐదుగురు. రాబర్ట్స్ ఆరులో ఉన్నాడు, ఐదులో లేడు. ఒక్క గడిలో ఆ తేడా పట్టదు.

ఇలా లెక్కలు కట్టడం చట్టబద్ధమేనా?

అమెరికాలోనూ ఇక్కడా బహిరంగ తీర్పుల మీద పరిశోధన చేయడానికి అడ్డేమీ లేదు. ఫ్రాన్స్‌లో జాగ్రత్త. 2019 చట్టం ప్రకారం, న్యాయమూర్తుల పేర్లు వాడి వాళ్ల పోకడల్ని విశ్లేషించినా, అంచనా వేసినా ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు.

మన సుప్రీంకోర్టు మీద ఇలా చేయొచ్చా?

అచ్చం ఇలా కుదరదు. 34 మంది న్యాయమూర్తులు, చాలా కేసులు ఇద్దరి బెంచ్ ముందు. భిన్నాభిప్రాయం అరుదు. ఇద్దరూ ఎప్పుడూ ఒకే మాట అంటే గీత మీద ఎవరిని ఎక్కడ నిలబెడతాం? 65 ఏళ్లకే రిటైర్మెంట్ కాబట్టి చాలామంది ఐదారేళ్లే ఉంటారు. 1993 నుంచి కొలీజియం (సీనియర్ న్యాయమూర్తుల బృందం) ఎంపిక కాబట్టి 'ఏ పార్టీ నియమించింది' అనే గడి లేదు. అమెరికా నమూనాని తెచ్చి యథాతథంగా అతికించే ప్రయత్నాలు చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం కోపం కూడా.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు. బెంచ్‌లు వేసేది ప్రధాన న్యాయమూర్తి, కాబట్టి ఏ కేసు ఎవరి దగ్గరికి వెళ్తోంది? ఎంతకాలం పడుతోంది? సీనియర్ లాయరు ఉంటే పిటిషన్ లోపలికి వెళ్లే అవకాశం పెరుగుతోందా? అపర్ణా చంద్ర, విలియం హబ్బర్డ్, సీతల్ కలాంత్రీ ఈ దారిలో పెద్ద పని చేశారు. రిటైర్మెంట్ తర్వాతి పదవుల గురించి మాధవ్ ఆనే, శుభాంకర్ దామ్, జొవాన్నీ కో 1999-2014 కేసులు చూసి, ప్రభుత్వానికి అనుకూలమైన తీర్పులకీ తర్వాత వచ్చే ప్రభుత్వ పదవులకీ సంబంధం కనిపిస్తోందని రాశారు. ఇది మొత్తం పోకడ గురించిన మాట. ఒక మనిషిని వేలెత్తి చూపడానికి పనికిరాదు.

అన్ని లెక్కలూ చెడ్డ వార్తే చెప్పవు. కింది కోర్టుల్లో 2010-18 మధ్య 50 లక్షలకు పైగా క్రిమినల్ కేసులు చూసిన పరిశోధనలో, జడ్జీలు తమ మతం వాళ్ల మీద గానీ తమలాంటి ఆడ, మగ మీద గానీ సగటున పక్షపాతం చూపిన ఆనవాలు దాదాపు దొరకలేదు. అక్కడ కేసు ఏ జడ్జికి పడుతుందో చాలావరకు కాకతాళీయం, మెతుకులు బాగా కలిసిన గిన్నె. అందుకే ఆ ఫలితానికి బరువెక్కువ.

మన తెలుగువాళ్లెవరైనా ఈ లెక్కల్లో ఉన్నారా?

ఉన్నారు, అదీ కొట్టొచ్చినట్టు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి, 1958లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. భిన్నాభిప్రాయం అరుదైన మన కోర్టులో విడిగా రాయడానికి వెనకాడని మనిషి. భారత న్యాయమూర్తుల గురించి మొదట అంకెలతో రాసిన అమెరికన్ జార్జ్ గాడ్‌బాయ్ దృష్టిలో పడ్డవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ గాడ్‌బాయ్ తర్వాత 1980లలో అరవై మందికి పైగా న్యాయమూర్తులను స్వయంగా కలిసి మాట్లాడాడు కూడా. అంకెలు సరిపోవని తెలిసిన మనిషి.

1962 డిసెంబర్‌లో ఖరక్ సింగ్ కేసులో ఆరుగురి బెంచ్‌లో సుబ్బారావు, షా ఇద్దరే వేరుగా నిలబడ్డారు. పోలీసు నిఘా మనిషి స్వేచ్ఛకే దెబ్బ అన్నారు. పట్టికలో అది 4-2, ఓడిన ఓటు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చిన తొమ్మిది మంది ఆ ఓడిన ఓటునే సరైనదన్నారు. ఇంకోటి దీనికి తలకిందులు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో ప్రధాన న్యాయమూర్తిగా ఆయన 6-5తో గెలిచారు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తీసేయలేదని. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది బెంచ్ దాన్ని పక్కనపెట్టి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదనే వేరే గోడ కట్టింది. ఓట్ల ఫైలులో గెలుపు ఒకటి, ఓటమి ఒకటి. అరవై ఏళ్ల తర్వాత చూస్తే ఏది గెలుపు?

మొదటిసారి చేసేవాళ్లు ఎక్కడ పప్పులో కాలేస్తారు?

'టర్మ్' అంటే క్యాలెండర్ ఏడాది అనుకోవడం దగ్గర. టర్మ్ అక్టోబర్ మొదటి సోమవారం మొదలై మరుసటి జూన్ చివరికో జూలై మొదటికో ముగుస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన డాబ్స్ డేటాలో 2021 కింద ఉంటుంది. డేటాబేస్ తప్పని నేను ఒక సాయంత్రమంతా టెన్షన్ పడి, ఉత్తరం కూడా రాయబోయాను.

రెండోది, కేసుల ఫైలునీ ఓట్ల ఫైలునీ కలిపి ఒక్కో కేసుని తొమ్మిదిసార్లు లెక్కపెట్టడం. మూడోది, కేసు నుంచి తప్పుకున్న న్యాయమూర్తి ఖాళీ గడిని 'వ్యతిరేక ఓటు'గా చదవడం.

ఒక్క వారాంతమే ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

ఒక్క న్యాయమూర్తిని తీసుకోండి. నేను కన్జర్వేటివ్‌గా పేరుపడ్డ స్కాలియాని తీసుకున్నాను. ఓట్ల ఫైలులో ఆయన వరుసలు మాత్రం ఉంచి, ఏకగ్రీవాలు తీసేసి, ఆయన ఓటు లిబరల్ గడిలో పడ్డ 5-4 కేసులు ఏరండి. పెద్ద జాబితా ఏమీ రాదు. వాటిలో నాలుగైదు తీర్పులు కూర్చుని చదవండి. నాకు మొదట తగిలింది 1989 టెక్సస్ వర్సెస్ జాన్సన్. జెండా తగలబెట్టినవాణ్ణి శిక్షించకూడదన్న ఐదుగురిలో స్కాలియా ఉన్నాడు, కూడదేమీ లేదన్న నలుగురిలో స్టీవెన్స్ ఉన్నాడు.